దాహానికి జీతం కాయితం

గల్ఫ్ నుంచి ఊరికొచ్చినవాణ్ని మనవాళ్లు మూడు ప్రశ్నలు అడుగుతారు. "ఎప్పుడొచ్చినవ్?" "మల్ల ఎప్పుడు పోతున్నవ్?" ఈ రెండింటికీ నడుమ చెప్పులు విప్పేంత వ్యవధి కూడా ఇవ్వరు. మూడోది మాత్రం కాస్త దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడుగుతారు. "అవ్ గనీ, ఆడ మందు దొర్కుతదా?"

దొరుకుతుంది. ఎడారి నడుమ మాల్‌లో మంచు కురిపించి, టిక్కెట్టు పెట్టి జారుడు ఆటలాడించే ఊరికి మందు తేవడం ఎంత పని? కాకపోతే అందరికీ ఒకేలా దొరకదు. అదే సరుకు నలభయ్యో అంతస్తులో తాగితే ఆతిథ్యం, లేబర్ క్యాంపు మెట్ల కింద తాగితే నేరం. నడుమ ఏ అంతస్తు దగ్గర పాపం కాస్తా మర్యాదగా మారుతుందో కనిపెట్టడానికి ఈ వ్యాసకర్త వారం రోజులు దుబాయిలో శ్రమించాడు. ఆ ఫలితాలు లోకకల్యాణార్థం ఇక్కడ వెల్లడిస్తున్నాను.

మొదటి మూడు రాత్రులు హోటల్లో ఉన్నాను. అక్కడి తెలుగు మిత్రులు కొందరు పిలిచి, శాలువా కప్పి, మైకు ముందు నిలబెట్టి, రెండో పేజీలోనే దించేసిన సభ తాలూకు మర్యాద అది. మిగతా మూడు రాత్రులు దేరా పేటలో మా మేనల్లుడి మంచం మీద గడిపాను. గదిలో అనలేదు, గమనించండి. మంచం మీద.

మేనల్లుడిది జగిత్యాల పక్కన మా ఊరే. నాలుగేళ్లుగా క్లీనింగ్ కంపెనీలో పని. రాత్రి మూడింటికి బార్లు మూశాక వాడి డ్యూటీ మొదలవుతుంది. ఊరంతా తాగి ఒలకబోసిన ఆనందాన్ని మాపు పెట్టి తుడిచేది వాడే. జీతం నెలకి 1,100 దిర్హాములు. ఈ అంకె మనసులో పెట్టుకోండి, పని పడుతుంది.

ముందు కాస్త చరిత్ర. చాలా ఏళ్లపాటు దుబాయిలో ఇంట్లో ఒక సీసా పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండాల్సి వచ్చేది, మన దగ్గర తుపాకీకి ఉన్నట్టు. వయసు 21 నిండాలి. ముస్లిం కాకూడదు. నెల జీతం కనీసం 3,000 దిర్హాములు ఉండాలి. దరఖాస్తు మీద కంపెనీ సంతకం, ముద్ర పడాలి. అన్నీ కుదిరితే కార్డు చేతికొచ్చేది. ఆ కార్డుతో నెలకి ఎంత మందు కొనొచ్చన్నది కూడా జీతాన్ని బట్టే.

దేవుడికి భయపడి తాగనివాణ్ని చూశాం. డాక్టరుకి భయపడి మానేసినవాణ్ని చూశాం. పెళ్లానికి భయపడి గడ్డివాములో దాచినవాణ్ని అందరం ఎరుగుదుం. జీతం చాలక, చట్టప్రకారం దాహం వేయకూడని మనిషిని సృష్టించిన ఘనత మాత్రం ఆ ఊరిదే. 2,999 దిర్హాముల జీతగాడు తాగితే శాంతిభద్రతలు చెడతాయి. ఇంకొక్క దిర్హాము పెంచి చూడండి, అతని కాలేయానికి నాగరికత వచ్చేస్తుంది. పొద్దున్నే లేచి ముదీర్, అంటే మేనేజరు, గదిలోకి వెళ్లి, "సార్, తాగుదామనుకుంటున్నాను, కాస్త ముద్ర వేస్తారా" అని చేతులు కట్టుకుని నిలబడే దృశ్యం ఊహించుకోండి. మనిషి గొంతుకి యజమాని నుంచి నిరభ్యంతర పత్రం! మన పటేళ్ల కాలంలో కూడా ఇంత పకడ్బందీ ఏర్పాటు తట్టలేదు.

ఇప్పుడా రోజులు పోయాయి, అన్యాయంగా మాట్లాడకూడదు. 2020 నవంబరులో చట్టాలు సడలించారు. లైసెన్సు లేకుండా తాగడం నేరం కాకుండా పోయింది. పెళ్లికాని ఆడా మగా ఒకే ఇంట్లో ఉండటమూ అంతే. అంతకుముందు వారం జైలుకి పంపే పాపం ఆ వారం నుంచి జీవనశైలి అయింది. ఆ ఏడాది మతం మారలేదు. మనుషులూ మారలేదు. కోవిడ్ దెబ్బకి హోటళ్లలో గదులు ఖాళీగా పడి ఉన్నాయి, వాయిదా పడ్డ ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పో ముందుంది. నీతిశాస్త్రం ఎప్పుడూ ఆదాయవ్యయ పట్టిక పక్క అల్మరాలోనే ఉంటుంది. ఒకటి తీస్తే రెండోది జారి చేతిలో పడుతుంది.

ఆ తర్వాత పాపానికి పండగ రాయితీ కూడా వచ్చింది. 2023 జనవరి 1న మద్యం మీద 30 శాతం పన్ను ఎత్తేశారు, కొనడానికి కావాల్సిన వ్యక్తిగత లైసెన్సు ఉచితం చేశారు. సరిగ్గా రెండేళ్లకి, 2025 జనవరి 1న, ఆ పన్ను మళ్లీ తగిలించారు. సంకల్పం ఇంత నియమంగా జనవరి ఒకటో తారీకున పాటించే తాగుబోతుని మా ఊళ్లో నేను చూడలేదు.

అమ్మేదెవరంటారా? దుబాయిలో సీసాలు అమ్మే పేరున్న సంస్థలు ప్రధానంగా రెండు. వాటిలో ఎంఎంఐ సాక్షాత్తూ ఎమిరేట్స్ గ్రూపు కిందిది, అంటే విమానం నడిపే ప్రభుత్వపు చేతి కిందిదే. ఈ ముక్క విని నవ్వబోయి ఆగిపోయాను. హోల్‌సేల్ మొత్తం చేతిలో పెట్టుకున్న బెవరేజెస్ కార్పొరేషన్లు మన దగ్గర రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కదా. ఏలినవారే గల్లాపెట్టె దగ్గర కూర్చోవడంలో మనకీ వాళ్లకీ పెద్ద తేడా లేదు. 2020లో కరోనా కట్టడి మొదలైనప్పుడు సీసాల్ని ఇంటి గుమ్మం దాకా తెచ్చిచ్చే ఏర్పాటు కూడా చేశారు. విల్లా తలుపు తట్టి సీసా ఇస్తే సేవ. క్యాంపు తలుపు తట్టి సీసా ఇస్తే అక్రమ రవాణా. రెండుచోట్లా సరుకు మోసుకొచ్చే కుర్రాడిది మాత్రం మన ఉపఖండమే.

"జీతం నిబంధన తీసేసిండ్రు గదా, ఇగ నువ్వు తాగొచ్చు" అన్నాను మేనల్లుడితో.

"తాగొచ్చు మామా. ఎవ్వడద్దంటుండు?" అన్నాడు వాడు. "హోటల్ల ఒక్క బీరు యాభై దిర్హాములు. నాకు దినాం ముప్పై ఆరు పడ్తది. దినం పని జేస్తే ముప్పావు గ్లాసు. మిగిలిన పావు కోసం తెల్లారి మల్ల పోవాలె."

అదీ సంగతి. గుమ్మం దగ్గరున్న చట్టం పక్కకి తప్పుకుని, కుర్చీని ధరకి అప్పగించి వెళ్లింది. ధర ఎవరినీ జాతి అడగదు, మతం అడగదు, కంపెనీ ముద్ర అడగదు. అయినా లోపలికి వెళ్లాల్సినవాళ్లే వెళ్తారు. చట్టానికైతే విమర్శకులుంటారు. ధర మీద ఏ మానవ హక్కుల సంఘమూ నివేదిక రాయదు.

ఇక భూగోళం. షార్జాలో 1985 నుంచి మద్యం పూర్తిగా నిషేధం. దుబాయికీ షార్జాకీ నడుమ సముద్రమూ లేదు, కొండా లేదు. అల్ నహ్దా అని ఒక పేట ఉంది. సగం దుబాయి, సగం షార్జా, పేరు రెండింటికీ ఒకటే. ఈ వీధిలో హోటల్ బారు, ఆ వీధిలో సీసాతో కనబడితే ఠాణా. మన దగ్గర ఒకే ఊరు రెండు మండలాల్లో ఉంటే పింఛన్ల దగ్గరే తిప్పలు. అక్కడ మోక్షం దగ్గర కూడా. షార్జా దాటితే అజ్మాన్. అక్కడ చవగ్గా, కాయితాలు అడక్కుండా అమ్మే దుకాణాలకు దుబాయి వాళ్లు వెళ్లి డిక్కీ నింపుకునే ఆనవాయితీ ఏళ్ల నాటిది. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు షార్జా మీదుగా రావాలి. ఆ అరగంట దారిలో ఎంతటి నాస్తికుడైనా ఆంజనేయ దండకం అందుకుంటాడని నన్ను తిప్పిన మిత్రుడు చెప్పాడు. వెనక బండివాడు కాస్త బంపరు తగిలిస్తే చాలు, పోలీసు వస్తాడు, డిక్కీ తెరవమంటాడు. మద్యనిషేధం వల్ల భక్తి పెరుగుతుందన్న మాట ఇక్కడ మాత్రం అక్షరాలా నిజం.

ఆ నగరపు నిఘంటువులో నాకు బాగా నచ్చిన మాట "బ్యాచిలర్." మన దగ్గర పెళ్లికాని వాణ్ని అంటారు. అక్కడ పెళ్లయి, ముగ్గురు పిల్లల్ని కని, వాళ్ల ఫీజుల కోసం ఎడారికొచ్చి ఇటుకలు మోసేవాణ్ని బ్యాచిలర్ అంటారు. భార్యని తెచ్చుకునే జీతం లేదు కాబట్టి అతను బ్రహ్మచారి. కుటుంబాలుండే పేటల్లో ఇలాంటి బ్రహ్మచారులు కాపురం ఉండకూడదని మునిసిపాలిటీ నిబంధన. క్లబ్బు గుమ్మం దగ్గరున్న ఆజానుబాహువు కూడా ఒంటరి మగవాణ్ని, అందునా మన రంగువాణ్ని, చూడగానే "జంటలకే ప్రవేశం" అంటాడు. ఇటు బ్యాంకు ఉద్యోగి, నిజంగానే పెళ్లికానివాడు, స్నేహితురాలితో కలిసి సముద్రం కనబడే ఫ్లాట్‌లో ఉంటాడు. అతన్ని ఎవరూ బ్యాచిలర్ అనరు. ఆయనది జంట. పెళ్లాం ఉన్నవాడు బ్రహ్మచారీ, లేనివాడు దంపతీ అయ్యే ఈ గణితం మన ధర్మశాస్త్రకారులకి తట్టలేదంటే వాళ్ల దగ్గర జీతం స్లిప్పులు లేకపోవడమే కారణం.

దీనికి ఒక ఉపజాతి కూడా ఉంది: "ఎగ్జిక్యూటివ్ బ్యాచిలర్." అంటే మెడలో టై ఉన్న బ్రహ్మచారి. దేరాలో కరెంటు స్తంభాలకి, బస్ షెల్టర్లకి అంటించిన చీటీల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది. మా మేనల్లుడి వీధిలో ఒకటి చదివాను. ఎగ్జిక్యూటివ్ బ్యాచిలర్లకు బెడ్‌స్పేస్ కలదు, తెలుగువారికి ప్రాధాన్యం, మెట్రోకి దగ్గర, తాగేవాళ్లు, పొగ తాగేవాళ్లు అక్కర్లేదు. నేను అంతకుముందు ఉన్న హోటల్లో మంచానికి జానెడు దూరంలో చిన్న ఫ్రిజ్ పెట్టి, అందులో బుడ్డి బుడ్డి సీసాలు పేర్చి, తాగమని కార్డు కూడా రాసి పెట్టారు. నిద్రపోయే చోటికి ఎక్కువ డబ్బు ఇస్తే మందు తెచ్చి పక్కన పెడతారు. తక్కువ ఇస్తే మందు తాగనని హామీ పుచ్చుకుంటారు.

ఇప్పుడు రాత్రి జీవితం. మొదటి రకం శ్రీమంతులది. వారాంతపు బ్రంచ్ అనే క్రతువు ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకి కూర్చుంటే సాయంత్రం నాలుగు దాకా తిన్నంత, తాగినంత. మనిషికి నాలుగైదు వందల దిర్హాములు. ఇది ఒకప్పుడు శుక్రవారం జరిగేది. 2022లో ప్రభుత్వం వారాంతాన్ని శని, ఆదివారాలకి మార్చడంతో క్రతువు కూడా ఎక్కువగా శనివారానికి జరిగింది. అక్కడే ఇంకో మంచి నియమం కూడా ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. అంటే ఎండాకాలం శనివారం పన్నెండున్నరకి నగరంలో రెండు జాతులు ఒకేసారి చతికిలబడతాయి. ఒకటి ఏసీలో పళ్లెం ముందు, రెండోది పరంజా నీడలో టిఫిన్ డబ్బా ముందు. ఇద్దరూ గ్లాసు ఎత్తుతారు. ఒకరిది ద్రాక్షసారా, ఇంకొకరిది లబన్ మజ్జిగ.

ఆడవాళ్ల కోసం "లేడీస్ నైట్" పెడతారు. వాళ్లకి మందు ఉచితం. స్త్రీ జనోద్ధరణ అనుకునేరు. వాళ్లున్నారని మగవాళ్లు వస్తారు, వచ్చినవాళ్లు పూర్తి ధర కడతారు. ఎర ఖర్చు చేప దగ్గరే రాబట్టే గాలం ఇది.

రెండో రకం రాత్రి మనది. బర్ దుబాయ్, దేరాల్లో మూడు నక్షత్రాల హోటళ్లుంటాయి. బారు పెట్టాలంటే సాధారణంగా హోటల్ ఆసరా కావాలి కాబట్టి ఒక్కో హోటల్లో నాలుగైదు బార్లు. ఒకటి మలయాళం, ఒకటి తమిళం, ఒకటి హిందీ, ఒకటి ఫిలిప్పీన్స్ బ్యాండు, ఒకటి మనది. భాషాప్రయుక్త రాష్ట్రాలు అంతస్తులవారీగా వెలిశాయి. ఫజల్ అలీ కమిషన్ రెండేళ్లు తిరిగి చేసిన పనిని ఒక లిఫ్టు చేసి చూపించింది.

"రండి గురువుగారూ, మన సంస్కృతి చూపిస్తాను" అని శాలువా కప్పిన మిత్రుడే తీసుకెళ్లాడు. గోదావరి జిల్లా మనిషి, మాట మెత్తన. "సరదాకే లెండి, మీకు రాసుకోడానికి పనికొస్తుంది" అని కూడా అన్నాడు.

చీకటి హాలు. చిన్న వేదిక. దాని మీద తొమ్మిదిమంది అమ్మాయిలు వరసగా, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. పాట వస్తే ఒకరో ఇద్దరో నాలుగడుగులు ముందుకొచ్చి చేతులు ఊపుతారు, పాటైతే వెనక్కి వరసలోకి. కుర్చీల్లో మగవాళ్లు. మా పక్క బల్ల దగ్గర ఒకాయన ఏదో కాంట్రాక్టరట, వేలెత్తి సైగ చేశాడు. వెయిటరు బంతిపూల రంగు ప్లాస్టిక్ దండ తెచ్చాడు. దండకి ఒక రేటు, కిరీటానికి ఇంకో రేటు. వెయిటరు వేదిక ఎక్కి ఎడమ నుంచి మూడో అమ్మాయి మెడలో వేశాడు. ఆమె మా వైపు తిరిగి అరచెయ్యి గుండె మీద పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మా బల్లకా పక్క బల్లకా ఎవరికీ తెలియదు, బహుశా గోడకేమో. వేదిక పక్కన స్టూలు మీద ఒకడు చిన్న పుస్తకంలో గీత పెట్టాడు. ఆ రాత్రికి ఎవరి మెడలో ఎన్ని పడ్డాయో లెక్క. పాట అయ్యాక వెయిటరు అదే దండ తీసి, దులిపి, పెట్టెలో వేసి, ఇంకో బల్లకి అమ్మాడు. నేనున్న గంటలో ఒక్క దండ ఏడు మెడలు మారింది. ప్లాస్టిక్ పూలు వాడవు. వాడేవి మెడలే.

"పిల్లలు ఎక్కడివాళ్లు?" అని వెయిటర్ని అడిగాను. "మన వైపోళ్లే సార్. మూడు నెలల వీసా. రూమ్ నుంచి వ్యాన్‌లో వస్తరు, వ్యాన్‌లో పోతరు" అన్నాడు. దుబాయి చూడటానికి వచ్చినవాళ్లు 2024లో కోటీ 87 లక్షల మందట, పర్యాటక శాఖ లెక్క. దుబాయిలోనే ఉండి దుబాయి చూడనివాళ్ల లెక్క ఏ శాఖ కడుతుందో?

మిత్రుడు బయటికొచ్చాక "మన సంస్కృతి ఇక్కడ బతికుందంటే ఇలాంటి చోట్ల వల్లే" అని నిట్టూర్చాడు. మర్నాడు సాయంత్రం అదే మిత్రుడు సభలో స్త్రీని పూజించే జాతి మనదని పదిహేను నిమిషాలు మాట్లాడాడు. దండ వేయడం పూజలో భాగమే కాబట్టి నేనూ చప్పట్లు కొట్టాను.

ఇక బస ఏర్పాట్లు. 1999లో తెరిచిన బుర్జ్ అల్ అరబ్‌లో అన్నిటికన్నా చిన్న సూట్ 170 చదరపు మీటర్లు. రెండంతస్తులు, నడుమ మెట్లు. అదే దేశంలో కార్మికుల వసతికి చట్టం ఖరారు చేసిన కనీస చోటు మనిషికి 3 చదరపు మీటర్లు. భాగించి చూశాను. ఆ చిన్న సూట్‌లో చట్టబద్ధంగా 56 మంది కార్మికులు పడతారు. ఇంకా రెండు చదరపు మీటర్లు మిగులుతాయి. అందులో అక్కడ బస చేసిన అతిథిని పడుకోబెట్టొచ్చు, కాకపోతే కాళ్లు ముడుచుకోవాలి.

మా మేనల్లుడు ఉండేది పాత విల్లా. మూడు పడకగదుల్ని ప్లైవుడ్‌తో తొమ్మిది చేశారు. వాడి అరలో మూడు రెండంతస్తుల మంచాలు, వాడిది పైది. నెలకి ఆరువందల దిర్హాములు. పెద్దపూల దుప్పటిని క్లిప్పులతో బిగిస్తే అదే గోడ, అదే తలుపు. లోపల వేములవాడ రాజన్న పటం, పెళ్లాంబిడ్డల ఫోటో, ఛార్జర్, ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు జిరాక్సు. వంటింట్లో ఉల్లిగడ్డల సంచుల మీద మార్కర్‌తో పేర్లు రాసుకున్నారు. నేను రాత్రి పడుకునేవాణ్ని, వాడు పగలు. మధ్యాహ్న విరామం మనుషులకే పెట్టారు, ఆ మంచానికి అదీ లేదు. కింది మంచం కడప జిల్లా ఆయన రోజూ రాత్రి పదకొండుకి దుప్పటి లోపలి నుంచి ఇంటికి ఫోన్ చేసేవాడు. "ఆఁ, రూములోనే ఉండాను. ఆఁ, ఏసీ ఉంది. ఆఁ, మంచి రూమే." మేమందరం ఊపిరి బిగబట్టి నిశ్శబ్దంగా ఉండేవాళ్లం, ఆ మంచి రూములో ఇంకా ఐదుగురున్నారని ఆమెకి తెలియకూడదు కదా.

2025 జూన్‌లో ఇలాంటి ప్లైవుడ్ గోడల మీద దుబాయి మునిసిపాలిటీ దాడులు మొదలుపెట్టింది. అగ్నిప్రమాదాలు జరుగుతాయని. నిజమే, జరుగుతాయి. గోడలు పీకేశారు. ఆ గోడల మధ్య ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలన్నది అగ్నిమాపక శాస్త్రంలోకి రాదు.

సెలవు రోజున మేనల్లుడు నన్ను సోనాపూర్ తీసుకెళ్లాడు. ప్రభుత్వ పటంలో ఆ పేరుండదు, ముహైస్నా అని ఉంటుంది. బంగారు ఊరు అని పేరు పెట్టుకున్నది అక్కడుండే కూలీలే. వ్యంగ్యరచయితలు అనవసరంగా శ్రమపడుతున్నారని నాకు అప్పుడే అనిపించింది. మా మండలం వాళ్లు పదిమంది దాకా కలిశారు. టీ ఇచ్చారు. ఊరి కబుర్లు అడిగారు. చీకటి పడ్డాక ఒకతను జేబులోంచి అరలీటరు నీళ్ల సీసా తీశాడు. లోపలున్నది నీళ్లు కాదు. ఎవరో బయట దొంగచాటుగా తెచ్చి అమ్ముతారు. ఏ సరుకో, ఎవరు కలిపారో, ఎన్నిసార్లు కలిపారో తెలియదు. "పట్టుకుంటే?" అన్నాను. "పట్టుకుంటే జైలు, ఎనుకనుంచి టికెట్టు" అన్నాడతను. అక్కడి నుంచి పది కిలోమీటర్ల దూరంలో అదే క్షణంలో సీసాకి తెల్లగుడ్డ చుట్టి, వంగి, రెండు చేతులతో పోస్తున్నారు.

అలా అని మూతపెట్టిన ఊళ్లు మేలనుకోకండి. కువైట్‌లో అరవై ఏళ్లుగా పూర్తి నిషేధం. 2025 ఆగస్టులో అక్కడ మిథనాల్ కలిసిన కల్తీసారా తాగి 23 మంది చనిపోయారు, 160 మంది దాకా ఆసుపత్రుల పాలయ్యారు, చూపు పోయినవాళ్లూ ఉన్నారు. బాధితుల్లో దాదాపు అందరూ ఆసియా నుంచి వలస వెళ్లినవాళ్లే. సౌదీలో 1952 నుంచి నిషేధం. 2024 జనవరిలో రియాద్ దౌత్యవేత్తల పేటలో ఒక దుకాణం తెరిచారు, ముస్లింలు కాని దౌత్యవేత్తల కోసం. అంటే అన్నిచోట్లా సూత్రం ఒకటే. నిషేధం అందరికీ, మినహాయింపు కొందరికి, విషం మిగతావాళ్లకి.

వాళ్లని చూసి మనం నవ్వుకుని ఇంటికి రావొచ్చు. వచ్చేటప్పుడు దారిలో ఏముంటుందో కూడా చూడాలి కదా. 2023లో తెలంగాణలో 2,620 వైన్ షాపులకి దరఖాస్తులు పిలిచారు. దరఖాస్తుకి 2 లక్షలు, లాటరీలో పేరు రాకపోయినా తిరిగివ్వరు. లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క చుక్క అమ్మకముందే ఖజానాలో 2,600 కోట్లు దాటాయి. మా ఊళ్లో వైన్ షాపు లేదు. అందుకని బెల్టు షాపులు నాలుగున్నాయి. బడికి వంద గజాల్లోపు ఒకటి. అక్కడ 21 నిండిందా అని ఎవరూ అడగరు, పదకొండు నిండితే చాలు. దుబాయిలో జీతం చూసి మందిచ్చేవారు. ఇక్కడ మందిచ్చి జీతం లాక్కుంటారు. మా మేనల్లుడి తండ్రి, అంటే మా బావ, అలా ఇచ్చుకుంటూ ఇచ్చుకుంటూ రెండెకరాలు ఇచ్చేశాడు. మేనల్లుడు దుబాయి పోయింది ఆ రెండెకరాల కోసమే.

నా తిరుగు ప్రయాణానికి వాడికీ సెలవు దొరికింది, నాలుగేళ్లలో మొదటిసారి. ఇద్దరం ఒకే విమానం. డ్యూటీ ఫ్రీలో నేను ఖర్జూరాలు చూస్తుంటే వాడు సీసాల వరస దగ్గర నిలబడి కనిపించాడు. ఒకటి ఎత్తి చూసి, కింద పెట్టి, ఇంకోటి ఎత్తి.

"ఏందిరా, నీకా?" అన్నాను.

"నాకెందుకు మామా. ఏజెంటుకొకటి, నాయినకొకటి. మల్ల రావాలె గదా, ఏజెంటు మొకం జూడాలె. నాయినైతే ఫోన్ల మాట్లాడినప్పుడల్లా మందు సంగతే అడుగుతడు."

మనదేశంలోకి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు. సరిగ్గా రెండు తీసుకున్నాడు. నాలుగేళ్లు ఆ ఊరి బార్లన్నీ తుడిచినవాడు సీల్ విప్పని సీసాని చేతిలో పట్టుకోవడం అదే మొదటిసారని తర్వాత చెప్పాడు. గల్లా దగ్గర అమ్మాయి నవ్వుతూ బోర్డింగ్ పాస్ అడిగింది, స్కాన్ చేసింది, సీసాల్ని సంచిలో పెట్టి మూతికి పట్టీ అంటించింది. "హావ్ ఎ నైస్ ఫ్లైట్, సర్" అంది. వాణ్ని ఆ ఊళ్లో ఎవరైనా సర్ అనడం కూడా బహుశా అదే మొదలు. కంపెనీ ముద్ర అడగలేదు. ఏ పేటలో, ఏ మంచం మీద ఉంటున్నావని అడగలేదు. జీతమెంతని అసలే అడగలేదు.

వెళ్లిపోయేవాడి జీతంతో ఆ ఊరికి పనేముంది?